పక్షి వాటా

వైనో హర్జుకి మాటలు తక్కువ. ఎవరి మీదైనా ప్రేమ పుడితే నోటితో చెప్పడు, సీసం కరిగిస్తాడు.

ఏటా ఆకులు రాలే రోజులు రాగానే ఇంటి వెనక పాకలో పొయ్యి వెలిగిస్తాడు. టైర్ల షాపులో నలభై ఏళ్ళు పనిచేస్తూ పోగేసిన చక్రాల బరువు సరిచేసే సీసం బిళ్ళల్ని ఇనప మూకుడులో వేసి కరిగిస్తాడు. పైన తేలిన తెట్టు గరిటెతో తీసేసి, అచ్చుల్లో పోసి, చల్లారాక ఒక్కో తూటానీ వేళ్ళ మధ్య దొర్లించి చూస్తాడు. సన్నగీత కనిపించినా సరే, మళ్ళీ మూకుట్లోకే. నచ్చినవాటిని తుపాకి మందు కొలిచి పోసిన ఇత్తడి గొట్టాల్లో బిగించి, ఇరవై చొప్పున అట్టపెట్టెల్లో సర్ది, మూత మీద పెన్సిలుతో పేరు రాస్తాడు. సరస్సు ఒడ్డున ఉన్న వేటగుడిసెలో పడుకునే ప్రతి మనిషికీ ఒక పెట్టె. ఇలా ముప్ఫై ఏళ్ళు.

“పెళ్ళై నలభై నాలుగేళ్ళయింది, నాకు ఒక్క ఉత్తరం ముక్క రాసిన పాపాన పోలేదు. ఆ స్నేహితుడు రూడీ పేరు మాత్రం ఏటేటా ముత్యాల్లా రాస్తాడు,” అంటుంది అతని భార్య హిల్యా. ఆమె వేటాడదు. గుడిసెకు వచ్చి అందరికీ వండి పెడుతుంది, వండుతున్నంతసేపూ అందర్నీ ఆడిపోసుకుంటుంది. ఆమె తిట్లు లేకపోతే అక్కడెవరికీ పులుసు రుచించదు.

మినెసోటా రాష్ట్రం ఉత్తరపు కొసన, ఫిన్నిష్ వాళ్ళు వలస వచ్చి స్థిరపడ్డ ఇనప గనుల ఊళ్ళు దాటాక ఉంటుంది ఆ సరస్సు. గుడిసెలో ఇంకో పని కూడా వైనోదే. ఎవరు జింకను కొట్టినా కోసి పంచేది అతనే. తూటా తగిలిన చోట మాంసం నల్లగా నెత్తురు గడ్డకట్టి ఉంటుంది కదా, దాని చుట్టూ జానెడు మేర కోసి తీసేస్తాడు. ఆ ముక్కని అందరూ పారేస్తారు. వైనో పారెయ్యడు. సరస్సులోకి చొచ్చుకుపోయిన రాతి కొన మీద ఒక పైన్ మొద్దు ఉంది, దాని మీద పెట్టి వస్తాడు. అడవి పెట్టిన దాంట్లో ఒక ముద్ద అడవికే తిరిగి పెట్టాలని అతని తండ్రి నేర్పాడు. దాన్ని పక్షి వాటా అంటారు ఆ ఇంట్లో.

ఆ వాటా తినేది ఒక తెల్లతల గద్దల జంట. అవతలి ఒడ్డున పెద్ద పైన్ చెట్టు మీద వాటి గూడు. ఆడదానికి వైనో దొరసాని అని పేరు పెట్టాడు. ఎందుకంటే అతను మాంసం పట్టుకుని వచ్చినప్పుడల్లా, ఇంత ఆలస్యమా అన్నట్టు పైనుంచి కిందికి చూస్తుంది. మగది పక్కన ఒదిగి కూర్చుంటుంది, మొదటి ముక్క ఆవిడ తిన్నాకే దిగుతుంది. అచ్చం మన ఇంట్లోలాగే అంటుంది హిల్యా. ఆ పక్షులు అతనికి పది అడుగుల దూరం దాకా వచ్చి వాలతాయి. ఇంకెవరైనా అటు వెళితే సరస్సు దాటి పోతాయి. పైకి చెప్పుకోడు గానీ, తన బతుకులో తను సాధించింది ఏదైనా ఉందంటే అదేనని వైనోకి లోపల గర్వం.

ఆ ఏడు నవంబరులో వేట మొదలయ్యే ముందురోజు సాయంత్రం, ఆవిరి గదిలో ఒళ్ళు కాచుకుని వచ్చి అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కాఫీ, హిల్యా చేసిన ఏలకుల రొట్టె. వైనో అలవాటు ప్రకారం ఏమీ అనకుండా పెట్టెలు పంచాడు. హిల్యా అక్క కూతురు కైసా తన పెట్టె అందుకుని, ఒక్క క్షణం మూత మీద పేరు చూసుకుని, బల్ల మీద అతని వైపు మెల్లగా జరిపింది.

“ఇది నీ దగ్గరే ఉంచు బాబాయ్. ఈసారి నేను వేరేవి తెచ్చుకున్నా.”

కైసాకి ముప్ఫై ఆరేళ్ళు. పదిహేనో ఏట మొదటి జింకను వైనో తూటాతోనే కొట్టింది. రెండేళ్ళుగా పట్నంలో పక్షుల ఆసుపత్రిలో పనిచేస్తోంది.

“ఏవీ, చూపించు,” అన్నాడు రూడీ. వైనోకి చిన్ననాటి స్నేహితుడు, గనిలో పనిచేసి రిటైరైన మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు. కైసా ఇచ్చిన తూటాని దీపం దగ్గర పెట్టి చూసి, “రాగి? మా ఇంట్లో నీళ్ళ గొట్టాలున్నాయి రాగివి. ఇది జింకల్ని కొట్టడానికా, కుళాయి బాగు చెయ్యడానికా?” అన్నాడు.

అందరూ నవ్వారు. కైసా కూడా నవ్వింది. “సీసం ఎముకకు తగిలితే పొడిపొడి అవుతుంది మావయ్యా. ఆ పొడి మాంసంలోకి పోతుంది. రాగి అలా పగలదు, విచ్చుకుని ఒక్క ముక్కగానే ఉంటుంది.”

“మా తాతది సీసం, మా అయ్యది సీసం, నాది సీసం. ఎవడు చచ్చాడు? మా అయ్య తొంభై ఒకటి దాకా ఉన్నాడు, అదీ రోజంతా పొగాకు నముల్తూ.”

“మీ అయ్య సంగతి కాదు నేను చెప్పేది, పక్షుల సంగతి. వేట మొదలైన రెండు వారాలకి మా ఆసుపత్రికి గద్దలు వరస కడతాయి. మెడ నిలబెట్టలేవు, రెక్కలు వేలాడేస్తాయి. రక్తం తీసి చూస్తే సీసం. అడవిలో మనం వదిలేసిన పేగులూ ముక్కలూ తిని.”

“చేపల గాలాలకి సీసం లేదా? పాత బ్యాటరీల్లో లేదా? అన్నిటికీ వేటగాడే దొరికాడా మీకు? ఇవాళ సీసం వద్దంటారు, రేపు తుపాకీ వద్దంటారు. నాకు తెలీదా పట్నం వాళ్ళ సంగతి.”

“నేనూ తుపాకీ పట్టుకునే వచ్చాను కదా మావయ్యా. నిరుడు నీ గురి తప్పిన జింకని పడగొట్టింది నేనేగా.”

“అది ఎండ కళ్ళల్లో పడి,” అన్నాడు రూడీ. మబ్బు పట్టిన రోజు ఎండ ఎక్కడిదని హిల్యా వంటింట్లోంచి అడిగింది. మళ్ళీ నవ్వులు.

వైనో నవ్వలేదు. వెనక్కి వచ్చిన పెట్టె వైపే చూస్తున్నాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, సీసం గురించిన మాట కంటే అందరి ముందూ పెట్టె తిరిగి రావడమే అతన్ని ఎక్కువ కోసింది.

“నా సీసం ఎవరి నోట్లోకీ పోదు,” అన్నాడు చివరికి. “దెబ్బ తగిలిన చోట జానెడు మేర తీసేస్తా. ముప్ఫై ఏళ్ళుగా మీ అందరి మాంసం నేనే కోస్తున్నా. ఎవరి పంటికైనా తగిలిందా?”

“లేదు బాబాయ్,” అంది కైసా. ఆమె గొంతు తగ్గింది. అడగాలా వద్దా అని కాసేపు రొట్టె తుంచుతూ కూర్చుంది. “ఆ తీసేసిన ముక్క ఏం చేస్తావ్?”

ఏం చేస్తాడో బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. వైనో లేచి, కోటు తొడుక్కుని, కట్టెలు తెస్తానని బయటికి పోయాడు. లోపల కట్టెలు నిండుగానే ఉన్నాయి.

హిల్యా వెనకాలే వెళ్ళింది. “అడిగిందాంట్లో తప్పేముందయ్యా?”

“ముప్ఫై ఏళ్ళుగా తింటున్నాయి నా చేతి మాంసం. ఏమైనా అయ్యాయా? ఏటా పిల్లల్ని లేపుతున్నాయి. నేను వాటికి విషం పెడతానా?”

“పెడతావని ఎవరన్నారు?”

“అంది. మాటల్లో అనలేదు అంతే.”

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మర్నాడు పొద్దున్నే రూడీ పెద్ద మగజింకను కొట్టాడు. తూటా భుజం ఎముకకు తగిలింది. వైనో ఎప్పటిలాగే జానెడు మేర కోశాడు, ఎప్పటికంటే కొంచెం ఎక్కువే కోశాడు, కైసా చూస్తుండగా తీసుకెళ్ళి మొద్దు మీద పెట్టాడు. దొరసాని వచ్చి వాలింది. ఆ సాయంత్రం అతను గుడిసెలో ఈల వేసుకుంటూ గిన్నెలు తోమాడు. కైసా ఇంక ఆ మాట ఎత్తలేదు. సెలవు అయిపోయి ఆదివారం పట్నం వెళ్ళిపోయింది. తర్వాతి పదిరోజుల్లో ఇంకో మూడు జింకలు పడ్డాయి, ఇంకో మూడు వాటాలు మొద్దు ఎక్కాయి.

నాలుగోది పెట్టిన రెండోరోజు వైనో వెళ్ళి చూస్తే ముక్క సగమే తిని ఉంది. అలా ఎప్పుడూ జరగలేదు. చుట్టూ చూశాడు. ఒడ్డున, మంచు కప్పుకున్న పొదల మొదట్లో దొరసాని నేల మీద ఉంది. రెక్కలు రెండూ పక్కకి జారిపోయి, వాటి మీదే ఒరిగి కూర్చుంది. కింద మంచు ఆకుపచ్చటి రెట్టతో మరకలు కట్టింది. అతను దగ్గరికి నడిచాడు. పది అడుగులు, అయిదు, రెండు. అది ఎగరలేదు. తల ఎత్తబోయింది, తల వణికి వాలిపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఆ పక్షిని అంత దగ్గరగా చూడాలని ఎన్నిసార్లు ఆశపడ్డాడో, ఆ ఆశ తీరింది. ఇలా తీరింది.

కోటు విప్పి మీద కప్పి, గోళ్ళు గుచ్చుకోకుండా కాళ్ళు కలిపి పట్టుకుని, చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకుని గుడిసెకు పరిగెత్తాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, మంచులో.

పట్నం నాలుగు గంటల దారి. బండి అతను నడిపాడు, అట్టపెట్టెలో దుప్పటి పరిచి దొరసానిని పెట్టుకుని హిల్యా వెనక కూర్చుంది. దారి పొడుగునా ఎవరినో ఒకరిని తిట్టే ఆ మనిషి ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. చెయ్యి దుప్పటి మీదే ఉంచి, పిల్లలకి పాడే ఫిన్నిష్ జోలపాట ఏదో మెల్లగా పాడుతూ ఉంది. సగం దారిలో పాట ఆగింది.

“ఉందా?” అన్నాడు వైనో, వెనక్కి తిరక్కుండా.

“ఉంది. ఊపిరి తీసుకుంటోంది. నువ్వు రోడ్డు చూడు.”

అతను రోడ్డు చూశాడు. ఇది బతికితే చాలు, కైసా ఏమన్నా పడతాను అనుకున్నాడు. ఇంకేదో జబ్బయితే బాగుండుననీ అనుకున్నాడు. జబ్బు కావాలని కోరుకుంటున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా.

ఆసుపత్రి గుమ్మంలోనే కైసా ఎదురొచ్చింది. మాటలతో పొద్దు గడపలేదు. రక్తం తీశారు, సూది మందు ఇచ్చారు, ఎక్స్‌రే ఫొటో తీశారు. అద్దం వెనక దీపం వెలిగించి ఆ ఫొటో చూపించింది. పక్షి ఎముకలు, మధ్యలో కడుపు, కడుపులో మూడు తెల్లచుక్కలు. ఆవగింజల కంటే చిన్నవి.

“అంతేనా?” అన్నాడు వైనో.

“అంతే చాలు బాబాయ్.”

అతను అద్దం దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. సీసం అతనికి కొత్తా? కరిగితే ఎలా మెరుస్తుందో, గరిటెలోంచి జారి నేల మీద పడితే ఎలా చిట్లుతుందో అతని కంటే ఎరిగినవాళ్ళు ఆ జిల్లాలో లేరు.

కైసా అతని చెయ్యి పట్టుకుంది. “ఎవరిదో చెప్పలేం. మీ సరస్సు చుట్టూ ఇరవై గుడిసెలున్నాయి. అందరూ పేగులు వదిలేస్తారు. ఎక్కడ తిన్నదో ఏమో.”

ఆ మాట పట్టుకుని అతను ఒడ్డున పడొచ్చు. పిల్ల ప్రేమతో వేసిన తాడు అది, హిల్యాకీ తెలుసు.

“ఇంకెక్కడా తినదు,” అన్నాడు వైనో. “నా చేతిదే తింటుంది. మనకి పనికిరాదని జానెడు మేర తీసేశాను కదమ్మా. సీసం ఉంటుందనేగా తీసేశాను. తీసి తీసి దానికే పెట్టాను.”

రక్తంలోంచి సీసాన్ని లాగే మందు ఎక్కిస్తున్నామని, రాత్రి గడిస్తే ఆశ ఉందని కైసా చెప్పింది. రాత్రి దాకా ఆగలేదు. మధ్యాహ్నం మూడింటికి ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుని, కైసా చేతుల్లోనే దొరసాని పోయింది. హిల్యా ఏడ్చింది. వైనో దుప్పటి కొసతో ఆ తెల్లటి తలని తుడిచి, ఈకలు సరిచేశాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, మొద్దు మీద సగం ముక్క ఇంకా ఉంది. మగది అక్కడే ఉంది.

బయట వరండాలో నిలబడి రూడీకి ఫోన్ చేశాడు. వైనో తనంతట తను ఫోన్ చేయడం రూడీకి గుర్తున్నంతలో అదే మొదటిసారి.

“ఎవరు పోయారు?” అన్నాడు రూడీ వెంటనే.

“దొరసాని. రూడీ, నువ్వు గుడిసెకు వెళ్ళి మొద్దు మీద ముక్క తీసెయ్. ఇప్పుడే వెళ్ళు. మగది తింటుంది.”

“ఇప్పుడా? మంచు పడుతోందిక్కడ. దేనికి పోయింది?”

వైనో గోడకి ఆనుకున్నాడు. “నా సీసమే.”

“చూడు వైనో, ఒక పక్షి పోయిందని నీ మీద...”

“నేను చూశాను. మూడు చుక్కలు. వెళ్తావా లేదా?”

“బూట్లు వేసుకుంటున్నా, అరవకు,” అన్నాడు రూడీ. వైనో అరవనే లేదు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. గుడిసె తలుపు మీద రూడీ కాగితం అంటించి ఉంచాడు. పెద్ద ముక్క తీశాను, కింద మంచులో చిన్నవి చాలా ఉన్నాయి, చీకట్లో కనపడలేదు, పొద్దున వస్తాను అని.

తెల్లవారగానే వైనో పార తీసుకుని రాతి కొనకి వెళ్ళాడు. మొద్దు చుట్టూ నెత్తురు కలిసిన మంచు, అందులో పక్షులు చీల్చి పడేసిన తునకలు, కొన్ని గోరంత, కొన్ని అంతకంటే చిన్నవి. పారతో తీస్తే కొన్ని మంచులోకి ఇంకా కూరుకుపోతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఇక్కడ చేతులు గడ్డకట్టాయి. అతను మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో ఏరడం మొదలుపెట్టాడు. హిల్యా వచ్చి బకెట్ పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని తనూ ఏరసాగింది.

కాసేపటికి రూడీ వచ్చాడు. చేతిలో వంటింటి జల్లెడ.

“మా ఆవిడది. ఇందులో ఏం జల్లించానో తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు,” అన్నాడు. మంచు పారతో ఎత్తి జల్లెడలో పోసి, వేడినీళ్ళ ఫ్లాస్కు ఒంపి, మిగిలిన తునకల్ని బకెట్‌లో దులిపాడు. అలా నాలుగైదు సార్లు చేశాక, తల ఎత్తకుండా అన్నాడు. “నువ్వు ఇచ్చిన పెట్టెలు బండిలో ఉన్నాయి. తీసుకో.”

“ఈ ఏటిదా?”

“అన్నీ. ఏడాదికి రెండు మూడు తూటాలేగా కాలుస్తాం. మిగతావి దాచుకున్నా. నువ్వు పేరు రాసినవి ఎలా పారేస్తారు ఎవరైనా?” ముక్కు తుడుచుకున్నాడు. “ఆ కుళాయి తూటాలు ఎక్కడ దొరుకుతాయో కైసాని అడుగు. వాటినే నువ్వు బిగించివ్వు. కొట్లో కొన్నవి నేను కాల్చను, ముందే చెబుతున్నా.”

వైనో జవాబు చెప్పబోయాడు. అప్పుడే నెత్తిమీద గాలి కదిలింది.

మగది వచ్చింది. రూడీ ఉన్నాడని కూడా చూడకుండా, వైనోకి సరిగ్గా పది అడుగుల దూరంలో రాతి మీద వాలింది. ఆకలితో ఉంది. ఒకసారి అవతలి ఒడ్డు వైపు, ఒకసారి మొద్దు వైపు చూసింది. తర్వాత ఒదిగి కూర్చుంది, ఎప్పటిలాగే, మొదటి ముక్క ఆవిడ తినేదాకా.

హిల్యా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆవిడ రాదురా,” అన్నాడు వైనో. “నువ్వు పో.”

అది కదల్లేదు. అతను లేచి రెండు చేతులూ ఊపాడు. “పో. పో ఇక్కణ్ణుంచి.” ఆ గొంతు దానికి తెలుసు. ఆ గొంతు వినపడితే తిండి వస్తుంది. ఒక అడుగు ముందుకు వేసింది.

అతను కోటు విప్పి ఊపాడు. ఆ కోటూ దానికి తెలుసు. రూడీ లేవబోతే వైనో చేత్తో ఆపాడు. ఎవరో తరిమితే రేపు మళ్ళీ వస్తుంది. తరిమింది తనేనని దానికి తెలియాలి. వంగి రెండు గుప్పిళ్ళ మంచు తీసి, గట్టిగా నొక్కి ఉండ చేశాడు. ముప్ఫై ఏళ్ళుగా అన్నం పెట్టిన చెయ్యి పైకి లేచి అక్కడే ఆగిపోయింది. పక్షి ఆ చేతి వైపు ఆశగా చూసింది.

అప్పుడు విసిరాడు. ఉండ దాని రొమ్ము మీద తగిలి చిట్లింది.

అది ఎగిరింది. అరవలేదు. సరస్సు మీదుగా కిందగా ఎగురుతూ, గూడున్న చెట్టు దగ్గర కూడా ఆగకుండా, కొండ వెనక్కి వెళ్ళిపోయింది. వైనో అది కనపడకుండా పోయేదాకా చూసి, ముఖం మోచేత్తో తుడుచుకుని, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు.